మంచెమ్మ పేరు

ఉత్తరం చేలకు పోయే దోవలో, కలబంద పొదల వెనక, ఎద్దులతో తోలుబాన కట్టి నీళ్లు తోడే కపిల బావి పాడుబడి ఉంది చూడండి, దాని చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగినా మేక కూడా కొరకదు. ఎందుకో ఎవరన్నా అడిగినారా? అడగరు, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకొని బిరబిరా నడిచిపోతారు. దగ్గరికి జరగండి, ఆ మూల కూర్చున్న పిల్లను కాళ్లు ముడుచుకోమనండి, చెబుతా.

ఆ బావి మంచెమ్మది. అదేం పేరు అంటారేమో, నవ్వండి, అప్పుడూ అందరూ నవ్వినోళ్లే. జొన్న కంకి పాలు పట్టినప్పుడు చేలో నాలుగు గుంజలు పాతి, పైన తడిక పరిచి, దాని మీద నిలబడి పిట్టల మీదికి వడిసెల తిప్పుతారే, అదీ మంచె. మంచెమ్మ తల్లి నిండు చూలాలు, కాపలాకు ఇంకో దిక్కు లేక మంచె ఎక్కింది, ఎక్కినాక నొప్పులు మొదలైనాయి, దిగే వీలు లేక అక్కడే కనింది, కని బొడ్డు కోసి, పిల్లను చెంగులో కట్టుకొని, మళ్లీ లేచి వడిసెల తిప్పిందంట! ఆ దెబ్బకు లేచిన పిట్టలు మూడు ఊళ్లు దాటినాక గానీ వాలలేదంట. అట్లా పుట్టినదానికి ఇంకేం పేరు పెడతారు? ఈ సీమంతా గాలించినా ఆ పేరు అప్పట్లో ఇంకొకదానికి లేదు.

దానికి తగ్గట్టే పెరిగింది మంచెమ్మ. ఎద్దుకు కాలు విరిగితే, ఎద్దు బదులు తనే కాడి మెడకెత్తుకొని కపిల లాగి చేనంతా తడిపింది. నింపాదిగా లాగిందనుకునేరు, రెండో ఎద్దు ఆమెతో సమానంగా నడవలేక నురగలు కక్కింది! ఎవరన్నా పేరు గురించి ఎగతాళి చేస్తే, "అది పేరు కాదబ్బా, మా అమ్మ చేసిన పని. నన్ను పిలిచినప్పుడల్లా మా అమ్మ ఇంకా మంచె మీదే నిలబడి ఉన్నట్టుంటాది" అనేది.

పెళ్లయింది, మొగుడు పోయినాడు, కడుపు పండలేదు. పుట్టింటికి వచ్చి, పసుపు కుంకుమ కింద తండ్రి ఇచ్చిన చేనూ ఈ బావీ చూసుకుంటా బతికింది. ఆమె దిగులల్లా ఒకటే, తను పోతే ఆ పేరు కూడా మట్టిలో కలిసిపోతాదే అని. సరిగ్గా ఆ దిగులు కనిపెట్టినాడు తమ్ముడు ఓబుళరెడ్డి. వచ్చి, అక్కా, నీకెందుకీ చాకిరి, బావీ చేనూ నాకియ్యి, నాకు ఆడపిల్ల పుడితే నీ పేరే పెడతా అన్నాడు. ఊరికే అన్నాడా? ఈ బావిలోనే రొమ్ముల లోతు నీళ్లలో దిగి, దోసిట్లో నీళ్లు పట్టి, గంగమ్మ సాక్షి అన్నాడు. మంచెమ్మ ఇంకేమీ అడగలేదు. చేను ఇచ్చింది, బావి ఇచ్చింది, తిండి కూడా తమ్ముడి ఇంట్లోనే తిన్నది.

ఆడపిల్లే పుట్టింది. బారసాల నాడు మంచెమ్మ కొత్త చీర కట్టుకొని, ఉయ్యాలకు తనే బంతిపూలు చుట్టింది. మన దగ్గర పద్ధతి తెలుసు గదా, పళ్లెంలో బియ్యం పోసి తండ్రి వేలితో పేరు రాయాల, ఆ పేరును మేనత్త పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పాల. మంచెమ్మకు చదువు రాదు. తమ్ముడి వేలు బియ్యంలో కదలడం చూసి, అదే తన పేరనుకొని, కళ్లు తుడుచుకుంటా వంగి నోరు తెరిచింది. తెరవంగానే ఓబుళరెడ్డి అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ పేరు కాదమ్మా తల్లీ, సులోచన! నా మనవరాలేం పిట్టలు తోలేదానికి పుట్టిందా?"

ఇల్లంతా నవ్వింది. మంచెమ్మ తమ్ముడి దిక్కు చూసింది. వాడు తలెత్తితే గదా! బియ్యం సర్దుతా, "కాలం మారింది గదక్కా, చెప్పెయ్, ముహూర్తం దాటిపోతాది" అన్నాడు. ఎంత కడుపుకోతో చూడండి. సులోచన అన్న ఆ పేరును ఆమె నోటితోనే, మూడుసార్లు, పిల్ల చెవిలో చెప్పించినారు. చెప్పింది, ఉయ్యాల ఊపింది, విస్తరి ముందర కూర్చోకుండానే బయటికి నడిచింది.

ఆ జొన్న కోతలు కాకముందే, పాచి పట్టిన మెట్టు మీద కాలు జారి ఈ బావిలోనే పోయింది. పోయింది గానీ, పోలేదు. ఎట్లా పోతాది? పిలిచే నోరు ఒక్కటి లేకుండా పేరును ఎవరికి అప్పజెప్పి పోతాది? నీళ్లడుగున కూర్చొని పైన అడుగుల చప్పుడు వింటా ఉండింది.

ఏళ్లు గడిచినాయి. ఒక సందెవేళ ఓబుళరెడ్డి కూతురు తప్పిపోయిన దూడను వెతుక్కుంటా బావి గట్టు మీదికి వచ్చింది. ఎవరు పాపా నువ్వు అని అడుగు నుంచి మాట లేచింది. పిల్ల బెదరలేదు, మేనత్త రక్తం మరి! సులోచన అన్నది. నీకు మేనత్త పేరెందుకు పెట్టలేదు అనడిగింది మంచెమ్మ. దానికి ఆ పిల్ల, "అత్తే వద్దన్నదంట. ఈ పాడు పేరు నాతోనే పోనీరా అని నాయన చేతులు పట్టుకొని ఏడ్చిందంట. నాయనే చెప్పినాడు" అన్నది.

అప్పటిదాకా మంచెమ్మకు ఉన్నది బాధ. మాట తప్పినాడు, సరే. తన నోట తను అనని మాట కూడా పెట్టినాడే! బావిలో నీళ్లు ఎసరు మరిగినట్టు మరిగి గట్టు దాకా వచ్చినాయి, నీళ్లలోంచి చెయ్యి లేచి పిల్ల కాలి కడియం పట్టింది. లాగేదే! అంతలో పిల్ల, "నాకైతే ఆ పేరే బాగుంది. మంచె మీద పుట్టినోళ్లు ఇంకెవరున్నారు?" అన్నది. చెయ్యి వదిలేసింది.

పిల్లను వదిలింది గానీ తండ్రిని వదల్లేదు. మర్నాడు పొద్దున్నే ఓబుళరెడ్డి పెండ్లాన్ని పిలవబోతే నోట్లోంచి "మంచెమ్మా" అని వచ్చింది. జీతగాణ్ని పిలిస్తే మంచెమ్మా, ఎద్దును అదిలిస్తే మంచెమ్మా, గుళ్లో దండం పెట్టి దేవుణ్ని తలిస్తే అదే పేరు! పిల్లనిచ్చిన అత్త పలకరిస్తే ఆమెనూ అట్లాగే పిలిచినాడు, ఆమె పుట్టింటి పట్టీలు కూడా మర్చిపోయి ఊరు విడిచి పారిపోయింది. ఆఖరికి పెద్దలు కూర్చొని, పేరు మార్చక తప్పదన్నారు. ఎదిగిన పిల్లను ఉయ్యాల్లో కూర్చోబెట్టినారు, కాళ్లు నేల మీద ఈడ్చుకుంటా ఉన్నాయి, దూలం కిర్రుమంటా ఉంది, మేనత్త లేదు గనక తండ్రే వంగి చెవిలో ఆ పేరు చెప్పినాడు. చెప్పంగానే వాడి నాలుక ముడి విడిపోయింది.

ఇంక చూడండి ఊళ్లో భయం! ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలందరూ మంచెమ్మలే. వాళ్లకు నడక వచ్చినాక, ఒక తల్లి అన్నానికి రమ్మని వాకిట్లో పిలిస్తే వీధి వీధంతా కంచాలు పట్టుకొని వచ్చేది. సందెపూట ఊరంతా ఆ పిలుపులే. బావి నిండుగా తొణికిసలాడేది, నీళ్లు చెరుకురసం లెక్కన ఉండేవి. మంచెమ్మ అడుగున కూర్చొని వినేది. అమ్మ మంచె దిగలేదు అనుకునేది.

భయం ఎన్నాళ్లుంటాది? మెల్లిగా ఒకింట్లో రాణి అన్నారు, ఇంకో ఇంట్లో బేబీ అన్నారు. ఒక్కొక్క గొంతే తగ్గిపోయింది. మంచెమ్మ ఓర్చుకుంది. నా మేనకోడలు ఉంది గదా, దానికి ఇష్టమయి పెట్టుకున్న పేరు గదా అనుకుంది.

ఆ మేనకోడలికి పెళ్లయింది. అత్తగారింటికి పోతా పోతా బండి ఈ బావి కాడే ఆగింది, ఎద్దులకు నీళ్లు పెట్టేదానికి. మంచెమ్మ నీళ్ల కింద నుంచి దీవించబోతా ఉంది. పెండ్లికొడుకు తల్లి గొంతు వినిపించింది. "ఆ పేరు మా ఇంట్లో పలకలేం గానీ, ఇకమీదట నువ్వు సుహాసినివి. ఏమే సుహాసినీ, దాహమా?"

మంచెమ్మ ఊపిరి బిగబట్టింది. దెయ్యానికి ఊపిరేందంటారా? ఆ క్షణం ఉండింది.

"లేదత్తా" అన్నది పిల్ల. గొంతులో నవ్వు కూడా ఉంది.

ఎద్దులు మూతి పెట్టీ పెట్టకముందే బావి నీళ్లు అడుక్కి దిగిపోయినాయి. మళ్లీ ఊరలేదు. తమ్ముడు మోసం చేసినప్పుడు కూడా ఎండని బావి, ఆ నవ్వుకు ఎండింది.

అప్పటినుంచి మంచెమ్మ ఎవరినీ లాగదు, కొట్టదు. పేరేంది అని అడుగుతాది, అంతే. చెబితే, ఎట్లాగూ ఉంచుకోవు గదా, నీకెందుకులే అని ఆ పేరు తీసేసుకుంటాది. పడమటి వీధి గొర్రెలాయన బుద్ధి లేక చెప్పి వచ్చినాడు. తలుపు తీసిన తల్లి నోరు తెరిచింది, ఏమని పిలవాలో ఆమెకు రాలేదు, ఊళ్లో ఎవరికీ రాలేదు, నాకూ రావడం లేదు, చూస్తున్నారు గదా.

కాబట్టి అటు పోకండి. మాకేం భయమని పోతే పొండి, కూటి వేళకు మిమ్మల్ని ఇంట్లోకి ఎవరూ పిలవలేరు.