గంగులప్ప ముక్కు, సుంకులమ్మ కాళ్ళు

గంగులప్ప తుమ్మితే ఒంటి తుమ్మే, రెండోది రాదు. ఎవురైనా బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము పడితే ఆగాల, కూచోని గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళా లేయాల, రెండో తుమ్ము పడితే దోషం పోతాది, మీకందరికీ తెలిసిందే గదా. ఆ రెండోది ఆయప్పకు పుట్టుకతోనే లేదంట. మా బూదిగుట్టపల్లెలో విత్తనం యేసే పొద్దు ఆయప్ప తుమ్మినాడని గొర్రు ఇప్పి ఎద్దుల్ని ఇంటికి తోలుకోనొచ్చినోళ్ళు ఉండారు. పిల్లను చూసేకి బయలుదేరిన పెద్దమనుషులు ఆయప్ప తుమ్ము ఇనపడి, ఊరి బయట నుంచి తిరిగొచ్చి, మజ్జిగ తాగి పండుకున్నారు. మంచోడే పాపం, ఎవురికీ చెడు తలిచినోడు కాదు. నశ్యం అలవాటు, ముక్కు పెద్దది, అంతే. అయినా ఎవురింట్లో మంచి పని ఉన్నా గంగులప్ప యాడుండాడో చూసుకోనే గడప దాటేది.

ఆ గంగులప్ప చెల్లెలి కూతురే సుంకులమ్మ. హైస్కూలుకు పోయే బస్సు మా ఊరి కాడ నిలబడదు. చెయ్యెత్తితే డ్రైవరు చూస్తాడు, చానా ముందరికి పోయి నిలుపుతాడు, నిలిపినట్లే నిలిపి కదిలిస్తాడు. ఆ బస్సును పట్టుకోని పట్టుకోనే ఈ పిల్లకు పరుగొచ్చె. హుసేన్ సారని డ్రిల్లు సారు, అదే బస్సులో కిటికీ కాడ కూచోని దినామూ చూసేవాడంట. చూసి చూసి ఈ పిల్లను ఎనిమిదొందల మీటర్ల పరుగులో పెట్టినాడు. అంటే గ్రౌండు చుట్టూ రెండు చుట్లు అనుకో. నూరు మీటర్లయితే కండ్లు మూసుకోని ఉరకొచ్చు, మైళ్ళ పరుగైతే ఓపిక పట్టొచ్చు, ఇది అదీ కాదు, ఇదీ కాదు. మొదటి చుట్టు తొందరపడితే రెండో చుట్టుకు ఊపిరి చాలదు, నిమ్మళంగా పోదామంటే ఇంగొకతె ఎల్లిపోతాది. ప్రాణం గొంతులోకి వచ్చే పరుగప్పా అది.

ఏమైందంటే, అనంతపురంలో పోటీలు పెట్టినారు. పిల్లకు నాయన లేడు, తోడు పోవాలంటే మేనమామే పోవాల. ఊరోళ్ళు వద్దంటే వద్దనిరి. గంగులప్ప, నేను తుమ్మను పోండప్పా, అని ఒట్టేసి మరీ పోయె. ఎంబడి మా ఊరోళ్ళు గూడా కొందరు పోయిరి. ఆడపిల్లోల్లు గీత కాడ వంగినారు, గ్రౌండంతా నిశ్శబ్దమాయె. ఆ నిశ్శబ్దంలో ఆయప్ప ముక్కు ఒట్టు మర్చిపాయె. తుమ్మె. ఒకటే. మా వాళ్ళు నెత్తిన చేతులు పెట్టుకోని, కూచో పాపా, కూచోని నీళ్ళు తాగి లెయ్యి, అని అరిచిరంట. వాళ్ళు అరుస్తా ఉండంగానే తుపాకి పేలె, సుంకులమ్మ ఉరికె, అందరికన్నా ముందొచ్చె.

ఇంగ ఊర్లో అదే చర్చ. ఒంటి తుమ్ము పడినాక పిల్ల గెలిచేదెట్ల? శాస్త్రం తప్పాల, లేదంటే పిల్ల గెలిచింది తప్పాల. రెండు దినాలు కొట్లాడి ఆఖరికి తేల్చినారు. మేనమామ తుమ్ము మేనకోడలికి తగలదంట, తక్కిన పిల్లోల్లందరికీ తగిలిందంట. వాళ్ళు నీళ్ళు తాగకుండా ఉరికిరి గదా, యాడ గెలుస్తారు, అనిరి. బాగుండాది గదా. పిల్ల బాగా ఉరికింది అనే మాట ఒక్కరికీ తట్టలా.

ఆ పొద్దు నుంచి గంగులప్ప రాత మారిపాయె. నిన్నటిదాకా ఎదురొస్తే మొగం తిప్పుకున్నోళ్ళు బండి కట్టి రైలు కాడికి తోలుకోని పోయేది. సుంకులమ్మ రాష్ట్రానికి ఉరికె, దేశానికి ఉరికె, యాడ ఉరికినా మామ ముందు వరసలో ఉండాల, వంగేటప్పుడు నశ్యం పట్టు పట్టాల, తుమ్మాల. పిల్ల గెలిచేది. ఊరికొస్తే దండ ముందు మామకు, తర్వాత పిల్లకు. పిల్ల మెడలో పతకం చూసి ఊరోళ్ళు, అబ్బ, మన గంగులప్ప తుమ్ము ఢిల్లీలో గూడా పారింది, అనేది. కన్నతల్లే, ముందు మీ మామ కాళ్ళకు మొక్కు పాపా, అనేది. కోడి కూయకముందే లేచి బూదిగుట్ట ఎక్కి దిగుతా ఉండె ఆ పిల్ల. కాలి గోర్లు నల్లబడి రాలిపాయె. ఒకసారి ఊపిరాడక గుట్ట కింద పడి కక్కుకునింది. ఊరు నిద్రలో ఉండె, ఎవురు చూస్తారు. హుసేన్ సారు, ఊరుకో తల్లీ, పతకం నీ మెడలోనే ఉండాది గదా, అంటే, మెడలో ఉండాది సార్, ఎవురి నోట్లోనూ లేదు, అనిందంట.

అట్లట్ల ఏండ్లు గడిచె, మోకాలు వాయడం మొదలాయె. ఇంగ ఒకటే పెద్ద పరుగు ఉండాది, దాంతో చాలిస్తా అనుకునె. ఆ ఒక్కటి మామ లేకుండా గెలవాల, ఒక్క గెలుపన్నా నాదని చెప్పుకోవాల, అదే ఆశ. మామకు చెప్పకుండా పోతానంటే సారు నవ్వి, మామను పిల్చుకోనే పో తల్లీ, ఓడిపోతే తప్పు ఆయన మీదికి తోసేయొచ్చు, అనె. వద్దు సార్, అనె ఈయమ్మ. ఒక్కతే రైలెక్కె.

గీత కాడ వంగింది. నిశ్శబ్దం. హాయిగా ఉండాదే అనుకుంటా ఉండంగా పై వరసలో నుంచి ఒకటే తుమ్ము. ఎవురింకా, మామే. మేనకోడలు మర్చిపోయి పోయింది పాపం, నేను లేకుంటే ఎట్ల గెలుస్తాది అని, పరుగు యాడో ఎవురినో అడిగి తెలుసుకోని యెనక రైలుకు వచ్చినాడు. ప్రేమే అప్పా అది, కాదనను. గెలిస్తే ఇది గూడా నాది కాదే, అనుకునె సుంకులమ్మ. అయినా ఉరికె. మొదటి చుట్టు ఓపికగా పోయె, రెండో చుట్టులో అందరినీ దాటె, ఇంగ గెలిచినట్లే అనుకో. ఆఖరి మలుపు దాటినాక కేరళ పిల్ల ఒకతె, చిన్నది, గాలి మాదిరి పక్క నుంచి ఎల్లిపాయె. మనమ్మాయి రెండోది. కావాలనే ఓడిందా అని అడగొద్దండి, ఆయమ్మ అట్లాంటి మనిషి కాదు. మోకాలు చాలలేదు, ఆ పిల్ల బాగా ఉరికింది, అంతే.

ఊరికొచ్చిరి. ఊరంతా కూడి ఉండాది. తుమ్ము పడింది, పిల్ల ఓడింది, ఇదేంది అని గంగులప్పనే చూస్తా ఉండారు. పెద్ద ముక్కు, పెద్ద మర్యాద, రెండూ పోయేటట్లుండాయి. ఆయప్ప గొంతు సవరించుకోని, నా తుమ్ములో లోపం లేదప్పా, ఎప్పటి మాదిరే పడింది, ఈ పిల్ల కాళ్ళే చాలలేదు, అనె. అవునవును, కాళ్ళే చాలలా, అని ఊరంతా తల ఊపె. తల్లి గూడా ఊపె.

సుంకులమ్మ నవ్విందంట. మామ దగ్గరికి పోయి, అందరూ ఇంటా ఉండంగా అడిగె.

"ఓడింది నా కాళ్ళేనా మామా?"

"నీయే పాపా, ఎవురివనుకున్నావు?"

"అయితే ఇన్నేండ్లు ఉరికింది గూడా ఇవే. నువ్వే ఒప్పుకుంటివి గదా."

ఆయమ్మ చెప్పులు ఇప్పి, కుంటుకుంటా ఇంట్లోకి పోయి, కాళ్ళు కడుక్కోని, పట్టపగలే కాళ్ళు చాపుకోని పండుకునె. ఇన్నేండ్లలో ఆయమ్మ అట్ల పండుకునింది ఎవురూ చూడలా.

మా ఊరోళ్ళు ధర్మాత్ములు సామీ. గెలుపైతే ఇంటింటికీ పంచుకుంటాం. ఓటమి మాత్రం ఎవురిది వాళ్ళకే, ఒక్క గింజ గూడా తీసుకోకుండా అప్పజెప్పేస్తాం.