పనస దుంగలో మేకు

కోటబొమ్మాళి దగ్గర ఒక కోతమిల్లులో మేస్త్రి పనస దుంగ మీద అయస్కాంతం తిప్పుతున్నాడు. దుంగ తెచ్చినావిడ పక్కనే నిలబడి కంగారుగా చూస్తోంది.

“పిన్నీ, ఇక్కడ అతుక్కుంటన్నాది. లోపల మేకున్నాది.”

“ఉంటే ఉండనీ బాబూ. అలాగే కోసెయ్యి.”

“కోస్తే రంపం పళ్లన్నీ రాలిపోతాయి. బ్లేడు తెగిందంటే నా మొకానికే తగుల్తాది. పీకేస్తానుండు.”

“వొద్దొద్దు! మా అత్త పోయినాక దెయ్యమై ఇల్లు వదల్లేదు. దెయ్యాలొదిలించే గురువొచ్చి ఆ మేకు కొట్టి ఆవిణ్ని ఈ సెట్టుకి కట్టేసినాడు. పీకితే మళ్లీ మా ఇంటికొచ్చేస్తాది.”

“ఓలమ్మ! అది సరే, ఈ సెక్కతో ఏటి సేయిస్తావు?”

“మా కొత్తింటికి తలుపులు.”

“మరింకేటి పిన్నీ? మేకు పీకినా, పీకకపోయినా, మీ అత్తని నువ్వే ట్రాక్టరెక్కించి కొత్తింటికి తీసుకెల్తన్నావు కదా!”

ఆవిడ దుంగ మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

“అయితే పీకెయ్ బాబూ. పలకలు మాత్రం తిన్నగా కొయ్యి. తలుపు కిర్రుమంటే మా అత్తకి సెడ్డ కోపం.”