మూడు సీసాల జర్మనీ వైను

2008 మే నెల, బెజవాడలో ఒక పెద్ద హోటలు. బారు వెనక గదిలో మేనేజరు వెంకటసుబ్బారావు కుర్చీలో, వెయిటరు కోటి నిలబడి, మధ్యన బల్ల మీద మూడు ఖాళీ సీసాలు. నేరమేమిటో కోటికింకా సరిగ్గా అర్థం కాలేదు గాని, తీర్పు మాత్రం అప్పుడే తయారైపోయింది.

“అమ్మతోడు సార్, నేను తాగలేదండీ!”

“అమ్మనెందుకు లాగుతావురా? నాన్న సంగతి చెప్పు. ఏం చేస్తాడు మీ నాన్న?”

“కైకలూరు దగ్గర... కల్లు గీస్తాడండీ.”

“ఆఁ. మరి ఈ సీసాల్లో ఇందాకటిదాకా ఉన్నదేంటి?”

“మన హోటల్లో దిగిన స్వెన్యా మేడం జర్మనీ నుంచి తెచ్చుకున్న వైనండీ. ఆవిడే చేశారంట. ముగ్గురు ఫ్రెండ్సు కలిసి, కొండ మీద పాత ద్రాక్షతోట తీసుకుని... అందరూ నా వయసోళ్ళేనంటండీ. ఫ్రిజ్‌లో పెట్టమని నా చేతికే—”

“నీ చేతికే ఇచ్చింది. అదే నేనూ అంటున్నా. ఇరవై ఏళ్ళ నుంచి బారు నడుపుతున్నాన్రా. వైట్ వైన్ అంటే గ్లాసులోంచి అవతలి మనిషి కనపడాలి. ఇది పోసి చూస్తే కుడితిలాగా ఉందేంటి? అడుగున మడ్డి! ఇందాక వాసన చూపించాగా, ఏం వాసన?”

“అంటే...”

“ఏం వాసన?”

“పొద్దున దింపిన కల్లులా... కొంచెం...”

“అయిపోయింది. నీ నోటితోనే ఒప్పుకున్నావ్.”

“వాసన అలా ఉందన్నానండీ! కలిపానన్లేదు. నిన్న రూములో మేడం వేరే సీసాలోంచి ఒక్క గుక్క రుచి చూపించారండీ. అదీ ఇలాగే—”

“అంటే తాగావు.”

“ఇవి తాగలేదండీ!”

“ఇందాక అమ్మతోడన్నావ్. బతికే ఉందా మీ అమ్మ?”

“ఉందండీ.”

“పాపం.”

“సార్, నేను మూతైనా ముట్టుకోలేదండీ. తీసింది మీరే గదండీ.”

“బీరు మూతలురా అవి! వైన్‌కి బిరడా ఉంటుంది, బిరడా. మన స్టోరులోవి తెచ్చి నొక్కావు.”

“మేడాన్ని ఒక్కమాట అడగండి సార్, మీకు దణ్ణం పెడతా.”

“ఆవిడ ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటులో పనిచేసే వాళ్ళన్నయ్య దగ్గరుంది. సాయంత్రం అక్కడి ఇంజినీర్లందరికీ ఇక్కడే డిన్నరు. నీ కల్లు పోసి హోటలు పరువు తియ్యమంటావా? మూడూ సింకులో వంపేశా.”

“మూడూ సింకులోనా సార్? అయ్యో... రెండేళ్ళు కష్టపడ్డానన్నారండీ ఆవిడ.”

“ఏడుపు తర్వాత. ముందు రాయి. ‘వైను తాగేసి సీసాల్లో కల్లు పోశాను, క్షమించండి.’ రాసిస్తే ఇక్కడితో ఆఖరు. వచ్చే నెల నీ పర్మినెంటు కాగితం మీద నేనే సంతకం పెడతా. రాయనన్నావా, పోలీసులొస్తారు. మీ నాన్ననీ పిలిపిస్తారు, కల్లు ఎక్కణ్ణుంచొచ్చిందో ఆయనే చెప్పాలిగా.”

“నాన్నని వద్దండీ.”

“రాయి మరి.”

“నిజంగా పర్మినెంటు చేస్తారా సార్?”

“నా మాట మీద నమ్మకం లేదా?”

“ఉందండీ... ఇదిగోండి. రాశానండీ.”

“సంతకం?”

“పెట్టానండీ.”

“సార్, లోపలికి రావచ్చా?”

“ఏంటి జాహిద్? రిసెప్షన్ వదిలేసి వచ్చావేంటి?”

“స్వెన్యా మేడం ఫోన్ చేశారండీ. ఆ వైను తేటగా ఉండదంట, చూసి ఎవరూ కంగారుపడొద్దంట. మందులు కలపరంట, వడపొయ్యరంట. మూత కూడా బీరుమూతేనంట.”

“విన్నారా సార్! నేను చెప్తూనే ఉన్నాగా!”

“ఇంకోటండీ. రాత్రి గెస్టులకి కోటి చేతే పోయించమన్నారు. కల్లులా ఉందన్నాడంట నిన్న. ఇంత నిజంగా తన వైను గురించి ఎవరూ చెప్పలేదంటూ ఒకటే నవ్వు.”

“సార్, ఆ కాగితం ఇచ్చెయ్యండి సార్. చింపేస్తా.”

“జాహిద్, ఆ తలుపెయ్యి.”

“సార్... కాగితం...”

“ఎట్లా ఇస్తాన్రా కోటీ? నువ్వు దొంగవి కాకపోతే, మంచి వైను సింకులో పోసిన వెధవని నేనవుతా. జాహిద్, మేడానికి ఫోన్ కలుపు. దొంగ దొరికాడని చెబుదాం.”