కాటప్ప ఉంగరం ఏలు

భజన మందిరంలో ఉండాదే, ఆ హార్మోని పెట్టె ఎవురిదని కదా అడిగితివి? కూచోప్పా, చెప్తా. మన నిడుగల్లు కాటప్పది... కాదు కాదు, ఆయప్ప బామ్మర్ది నరసప్పది. అదే కదా కాటప్ప కడుపుమంటంతా! కాటప్ప పోయి శానా కాలమాయలే పాపం. ఎనబై ఐదో ఆరో, వానల్లేక శెనక్కాయ చేన్లోనే ఎండిపోయిన కాలమది. నాటకం నేర్పేకి నాగలమడిక నుంచి దొడ్డయ్య మేష్ట్రు వస్తాండె. బావా బామ్మర్దీ ఇద్దరూ ఆయన దగ్గర హార్మోనికి కూచున్నారు. మేష్ట్రు ఏమనేవాడంటే, "ఏలు ఎత్తెత్తి కొట్టద్దురా, మెట్టు మీదనే పెట్టి నొక్కు. ఒక ఏలు పని చేస్తాంటే పక్క ఏలు నిద్దరపోవల్ల" అని. నరసప్పకు పట్టుబడిపాయ. కాటప్పకేమో ఉంగరం ఏలు లేస్తే నడిమి ఏలూ లేస్తాది. "నీ బామ్మర్దిని చూసి నేర్చుకోప్పా" అన్నాడు మేష్ట్రు. ఆ మాట, చూడు, ముల్లు మాదిరి దిగబడె.

ఇంక మనిషి ఆగితేనా? ఏలికి బలం రావల్లని పురికోసతో రాయి కట్టుకునేది, ఎత్తేది, దించేది. పెండ్లాం చిన్నక్క, "మా తమ్మునితో నీకేం పంతం? తీసెయ్ ఆ రాయి" అని మొత్తుకునె. "నీకు తమ్ముడు ముద్దు, నేను చేదు" అని కసిరినాడు. ఏలు వాచిపాయ, నరం పట్టేసి మడత పడకుండా పాయ. మేష్ట్రు చూసి తల కొట్టుకున్నాడు, "బలమంటే బరువు మోసేది కాదు కదరా!" అని. ఊరిడిసి పోతా పోతా పెట్టెను నరసప్ప చేతికిచ్చె.

మళ్లా కరువొచ్చె. నరసప్ప బెంగళూరికి కూలికి పోతా, పెట్టె తెచ్చి వీళ్లింట్లో పెట్టి, "బావా, ఎలకలు కొరక్కుండా చూస్కో" అన్నాడు. కాటప్ప దాన్ని మూలకు తోసి గోనెసంచి కప్పినాడు. ఒకనాడు వాళ్ల పాప హొన్నమ్మ సంచి తీసి నొక్కిందప్పా. అరిచేకి లేచిన మనిషి అట్లే నిలబడిపాయ. ఆ బిడ్డకు ఉంగరం ఏలు ఒగటే ఆడతాంది, పక్క ఏలు కదల్లేదు! ఆ పొద్దు నుంచి పాపను ఇడిస్తేనా? "ఎత్తద్దు, నొక్కు. మెల్లగా. నొప్పొస్తే నిలిపెయ్" అని, మడత పడని తన ఏలు చూపించి మరీ చెప్పేవాడు.

ఊరి జాతరకు నరసప్ప వచ్చినాడు. పాప వాయించె. ఆయప్ప కండ్లల్లో నీళ్లు తిరిగె. "బావా, నాకంటే బాగుండాదే! ఇంక నేను నేర్పిస్తా" అంటా పాప పక్కన కూచోబోయినాడు. కాటప్ప అడ్డం పడె. "ఈడ నేనుండా. నువ్వు ఆడ కూచుని ఇను." చిన్నక్క తల దించుకోని లోపలికి పాయ. నరసప్ప పోయి గడప కాడ కూచునె. పాప మేనమామను చూసి నవ్వతా వాయిస్తాండాది. కాటప్ప పాప మొగం చూడనే లేదు. ఆ ఏలు చూస్తా ఉండాడు. ఆ చూపు, అబ్బా... అప్పట్లో నరసప్ప ఏలు చూసి కుళ్లుకున్న చూపే అది, కన్నబిడ్డ మీద...

ఏంది, రాయచెర్లు ఆటో వచ్చిందా? పోప్పా, పో.