అక్కడా అన్నే అంటారట

హలో… ఆ, నేనేరా, అక్కని. పెట్టెయ్యకు. చెప్పేది విను, తర్వాత నీ ఇష్టం.

…డ్యూటీ అయిపోయింది. ఫిలిం ఫెస్టివల్ కదా, గేటు దగ్గర పాసులు చూడమన్నారు. హాలు నిండాక నేనూ లోపలికెళ్లి ఓ మూల కూర్చున్నా. కొరియా సినిమా… రౌడీల కథ —

నవ్వకు. ఇక్కడ నాకు ఏడుపొస్తోంది.

అందులో అచ్చం నీలాంటివాడు ఒకడున్నాడ్రా. పెద్దాయన కారు తలుపు తీస్తాడు, గొడుగు పడతాడు, తిట్టినా పళ్లికిలిస్తాడు. పెద్దాయన్ని ఏమని పిలుస్తాడో తెలుసా? పక్క సీటావిడ చెప్పింది… నువ్వు మీ పెద్దాయన్ని పిలిచినట్టే, అక్కడా అన్నే అంటారట! భాష వేరైతేనేం, బుట్టలో వేసుకునే మాట అదే.

…వస్తున్నా, అదే చెప్తున్నా. ఆ అన్న కొడుకు ఎవర్నో చంపుతాడు. నేరం వీడు నెత్తినేసుకుంటాడు. జైలు. బయటికొచ్చి తిన్నగా అన్న ఇంటికే వెళ్తాడ్రా, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ. గేటు దగ్గర ఆపేస్తారు. అన్న కారు అద్దం దించి, "ఎవడు వాడు?" అంటాడు. అంతే. అద్దం ఎక్కించేస్తాడు.

…సినిమానేరా! మరి పొద్దున నువ్వు చెప్పిందేంటి? మీ అన్న కొడుకు తాగి, పేపర్లు వేసే ఆయన్ని కారుతో గుద్ది చంపితే, నడిపింది నేనేనని నువ్వెళ్లి ఒప్పుకుంటావా? నీకు డ్రైవింగే రాదు! సైకిలెక్కితే గోడ పట్టుకుని దిగేవాడివి —

…ప్లీడరు అన్నీ నేర్పించాడా? గేర్లు ఎన్నుంటాయో కూడానా? అయ్యో నా తండ్రీ…

…ఇంటిని ఆయన చూసుకుంటాడా? నేను చచ్చాననుకున్నావా? అమ్మ పోతూ పోతూ నీ చెయ్యి నా చేతిలో పెట్టింది, ఆ దొంగ సచ్చినోడి చేతిలో కాదు!

…సరే, ఉప్పు తిన్నావు. ఒప్పుకుంటా. తిన్నందుకు ఇన్నాళ్లూ గొడ్డుచాకిరీ చేశావు. బతుకే రాసిచ్చెయ్యాలా? ఆ కొడుకేమో హాయిగా ఇంట్లో పడుకుంటాడు. నిన్ను చూడ్డానికి జైలుకొచ్చేది ఎవరు? నేనే కదరా…

ఎక్కడున్నావిప్పుడు?

…అప్పుడే స్టేషన్‌కి బయల్దేరారా? కార్లో నీ పక్కనెవరు?

…స్పీకర్లో ఉందా?

ఎప్పట్నుంచి?

…

నమస్కారమండీ. …లేదండీ, కడుపు మండి నోరు జారాను. మీరు పెద్దవారు, మనసులో పెట్టుకోకండి. …అవునండీ, మీ నీడనే ఉన్నాడు. అందుకే అడుగుతున్నా. వాడు వట్టి అమాయకుడండీ, ఎవరేం చెప్పినా తలూపుతాడు. మీరు తల్చుకుంటే ఇంకో దారి దొరక్కపోదు. నాకున్నది వాడొక్కడే. మీ కాళ్లు పట్టుకుంటా, నా తమ్ముణ్ణి వదిలెయ్యండి…

…ఏంటండీ? …సినిమాలో వాళ్లక్క ఏం చేసిందా?

…ఆ కుర్రాడికి అక్క లేదండీ.

వీడికి ఉంది. నేను హాల్లో లేను. మీరొస్తున్న పోలీసు స్టేషన్ మెట్ల మీదే నిలబడున్నా. వాడికి బండి నడపడం రాదని, నడిపిందెవరో వాడు నాకు చెప్పాడని, లోపల చెప్పేసి వచ్చా. రాసుకున్నారు కూడా.

…

హలో? …వింటున్నారా?

…తమ్ముడూ, నువ్వేనా? ఫోను నీకిచ్చేశారా? …ఇప్పుడే తిట్టకురా, ఇంటికెళ్లాక తిడుదువు గాని. నీ మంచికే చేశా. అదిగో… తెల్ల కారేనా? కనిపిస్తున్నావు! ఇక్కడే. మెట్ల దగ్గరే ఆపమను.

…ఆపమనరా.

ఆపరేం? స్పీడెందుకు పెంచుతున్నారు… ఎటు తీసుకెళ్తున్నారు నిన్ను?

చెయ్యెందుకు ఊపుతావురా, వెర్రినాగన్నా! తలుపు తియ్యి! దిగరా… దూకెయ్ —

హలో…

హలో…