నాలిక కింద బిళ్ళ

ఆదివారం మధ్యాహ్నం. ధవళేశ్వరంలో కాలవగట్టు దిగువన చిన్న ఇల్లు. కాలవ గట్టూ తూములూ కాపలా కాసే లస్కరు యెహెజ్కేలు, కొడుకు కిరణ్ కుమార్‌ని వెనక గదిలో పెట్టి తాళం వేసి, కర్ర పుచ్చుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. కొవ్వూరులో కాపురముంటున్న కూతురు ఆశాజ్యోతి, రాజమండ్రి ఆస్పత్రిలో తల్లిని చూసి తిన్నగా ఇక్కడికే వచ్చింది.

"తాళం చెవి ఇలా ఇవ్వండి నాన్నగారూ."

"ఇవ్వను."

"ఇవ్వండి. ఆటో బయటే ఉంది."

"ఇవ్వనని చెప్పానా లేదా? ముందు మీ అమ్మకెలా ఉందో చెప్పు."

"పదకొండు కుట్లు పడ్డాయి. స్కానింగ్‌కి తీసుకెళ్ళారు. కళ్ళు తెరిచింది, మాట్లాడింది."

"మాట్లాడిందా? ఏమంది?"

"బాత్రూంలో జారిపడ్డానంది. ఎవరడిగినా అదే మాట."

"అంతేనా? ఇంకేం అన్లేదా?"

"ఇంకేం అంటుందండి? కన్నకొడుకు తల పగలగొట్టాడని ఏ తల్లి చెప్పుకుంటుంది?"

"అక్కా! అక్కా, వచ్చావా? తలుపు తియ్యమనక్కా! చచ్చిపోతున్నానక్కా!"

"నోర్ముయ్ కిరణ్! అమ్మ నెత్తురు ఇంకా నా చీర మీదే ఉంది. నిన్ను చూస్తే నాకూ రెండు తన్నాలనే ఉంది."

"తన్ను! తలుపు తీసి తన్ను! ఎముకలు లోపల్నుంచి పీకేస్తున్నట్టుందక్కా... నీళ్ళు కూడా ఆగట్లేదు కడుపులో..."

"విన్నావా? పొద్దున్నుంచీ ఇదే నాటకం. బీరువా పడదోశాడు, బట్టలన్నీ చింపి పోగులు పెట్టాడు."

"ఆ చప్పుడేంటి? దేంతో కొడుతున్నాడు తలుపుని?"

"తలతో. కొట్టుకోనీ. బుద్ధొస్తుంది."

"నాన్నగారూ!"

"ఒరేయ్! కిటికీలోంచి చెయ్యి తియ్యరా! ఊచ వంచుతావా నువ్వు? తియ్యి! తియ్యకపోతే వేళ్ళు విరిచేస్తాను!"

"అమ్మా! అమ్మోయ్!"

"కొట్టకండి! నాన్నగారూ, కొట్టకండి! చూడండి, గోరు ఊడి వేలాడుతోంది! కర్ర వదలండి!"

"పక్కకి తప్పుకో! తప్పుకోమంటే నీక్కాదూ? నీకూ తగుల్తుంది!"

"తగలనివ్వండి! కాలికి ఆ గొలుసేంటి? పడవ గొలుసు కదూ అది? పశువుని కట్టినట్టు మంచం కోడుకి కట్టేశారేంటండి?"

"పశువైతే మాట వింటుంది."

"పొద్దున బిళ్ళ వేసుకున్నాడా?"

"ఏ బిళ్ళ?"

"మత్తు మాన్పించే సెంటర్లో ఇచ్చేదండి. నాలిక కింద పెట్టుకునేది. వేసుకున్నాడా?"

"ఆశా, నువ్వు మీ అమ్మ దగ్గరికెళ్ళు. ఇక్కడ నేను చూసుకుంటాను."

"మిమ్మల్నేనండి అడిగేది. ఒరేయ్ కిరణ్, బిళ్ళ వేసుకున్నావా?"

"గురువారం నుంచి లేదక్కా."

"గురువారం నుంచా! సోమవారమేగా వారానికి సరిపడా తెచ్చుకున్నావు? అమ్ముకున్నావా?"

"నేను కాదు..."

"నేనే. నేనే కాలవలో పారేశాను. ఏం? తప్పా?"

"అయ్యో నాన్నగారూ..."

"ఏం అయ్యో? ఎనిమిది నెలలైంది, వాడు మత్తుసూది ముట్టి. నయమైపోయింది కదా, ఇంకా బిళ్ళలెందుకు? పోయినాదివారం గుళ్ళో నిలబడి సాక్ష్యం చెప్పాను, నా కొడుకు విడుదల పొందాడని. అందరూ స్తోత్రం అన్నారు. బయటికొచ్చానో లేదో మన సంఘంలో సంపూర్ణమ్మ అడిగింది. 'మరి మా అబ్బాయి బుజ్జిబాబు చూశాడంట అన్నయ్యగారూ, మీవాడు మత్తు ఆస్పత్రి ముందు లైన్లో నిలబడి బిళ్ళలు తెచ్చుకుంటున్నాడంట కదా' అని. తల కొట్టేసినట్టయిందే నాకు."

"అందుకని పారేశారా?"

"మత్తు మానడానికి ఇంకో మత్తేంటే? సారా మానినవాడికి కల్లు పోసినట్టు!"

"మత్తు కాదండి అది. మందు. అది వేసుకునే ఎనిమిది నెలలు లోడింగ్ పనికెళ్ళాడు, జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. మత్తులో ఉన్నవాడు అరటిగెలలు లారీకెత్తుతాడా?"

"ఒళ్ళు కొవ్వెక్కి నేర్చుకున్నదానికి మందేంటి? కాలు విరిగిందని నొప్పికి సూదులు వేశారు, సరే. నొప్పి తగ్గాక మానొద్దూ? ఊళ్ళో కాళ్ళు విరిగినోళ్ళందరూ ఇలాగే అయ్యారా?"

"అందరికీ అవ్వదండి. వీడికయ్యింది. జబ్బంటే అంతే కదా, ఒకరికొస్తుంది, ఒకరికి రాదు. సెంటర్లో డాక్టరమ్మగారు రమ్మన్నప్పుడల్లా పని ఉందని తప్పించుకున్నారు. వచ్చుంటే మీకూ చెప్పేవారు."

"ఏం చెప్పేదంట?"

"మీకు తెలిసిన సంగతే. మొన్న వరదకి గట్టుకి గండి పడితే ఏం చేశారు మీరు?"

"ఇసకబస్తాలేశాం."

"నీళ్ళు ఆగిపోయాయి కదా, మర్నాడే తీసేశారా బస్తాలు?"

"ఎలా తీస్తాం? కొత్తమట్టి గట్టిపడాలి. రెండు నెలలు రాత్రీ పగలూ కాపలా కాశాం."

"వీడి బుర్రలో పడింది కూడా అలాంటి గండేనంట. ఆ బిళ్ళలే బస్తాలు. గట్టిపడ్డాక వాళ్ళే ఒక్కోటీ తీస్తామన్నారు. ఏడాది పట్టచ్చు, రెండేళ్ళు పట్టచ్చు. మీరు ఒక్కసారే తన్నేశారు."

"తన్నేశానా? వాణ్ణి దార్లో పెడదామనే కదే!"

"గట్టు తెగితే నీళ్ళని కర్రతో కొడతారేంటండి ఎవరైనా?"

"నాకెవరు చెప్పారే ఇవన్నీ? నాకెవరు చెప్పారు? ...మూడ్రోజులు బతిమాలాడు. 'ఒక్కటి, ఒక్కటే బిళ్ళ' అని కాళ్ళు పట్టుకున్నాడు. తన్నాను. పాత బుద్ధి మళ్ళీ లేచిందనుకున్నాను."

"ఉండండి. చప్పుడు ఆగిపోయిందేంటి?"

"నిద్రపోయుంటాడు."

"కిరణ్! ఒరేయ్ కిరణ్! పలకరా! నాన్నగారూ, వాడు కిందపడి ఉన్నాడు. తాళం చెవి!"

"ఇదిగో... ఇదిగోనమ్మా... దూరట్లేదే..."

"ఇటివ్వండి."

"ఒరేయ్ కిరణూ. అబ్బాయ్. లేవరా."

"ఉన్నాను... నాన్నా... ఇంక కొట్టకు."

"కొట్టను. కొట్టనురా. అబ్బ, ఒళ్ళు కాలిపోతోందే ఆశా!"

"వాంతులయ్యి నీరసించిపోయాడు. గొలుసు విప్పండి ముందు. బిళ్ళ ఆగిందేమోనని దార్లోనే డాక్టరమ్మగారికి ఫోన్ చేశాను. ఎమర్జెన్సీకి తీసుకొచ్చి, ఏ మందు వాడుతున్నాడో అక్కడ చెప్పమన్నారు. బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టచ్చంట, భయం లేదంట. కిరణ్, నా భుజం పట్టుకో. అడుగు వెయ్యి."

"అక్కా, అమ్మ బతుకుతుందా?"

"బతుకుతుంది. కానీ అక్కడ కానిస్టేబుల్ రాసుకోవడానికొచ్చాడు. జారిపడితే అలాంటి దెబ్బ తగలదని డాక్టర్లు తేల్చేశారు. ఇంక దాచలేం. మా తమ్ముడే కొట్టాడు, జబ్బు మనిషి, మందాగిపోయింది అని నేనే చెబుతాను. డాక్టరమ్మగారు కూడా రాసిస్తారు."

"చెప్పక్కా. నేనే అని చెప్పు."

"దేంతో కొట్టావురా?"

"...గుర్తులేదు."

"అమ్మని కొట్టింది గుర్తులేకపోవడమేంటి? కానిస్టేబుల్ అడుగుతాడు కదా. చేత్తోనా? రాయితోనా?"

"గుర్తులేదన్నానా! నేనేనంటున్నాగా, రాయించెయ్! నాన్ననేం అడక్కు."

"నాన్ననెందుకు అడుగుతానురా? సరే, ఎక్కు. జాగ్రత్త, చెయ్యి తగలకుండా. నాన్నగారూ, మీరేంటి అక్కడే నిలబడిపోయారు? రండి."

"ఆశా."

"ఏంటండి? టైం లేదు."

"కానిస్టేబుల్‌కి వాడి పేరు చెప్పకమ్మా. వాడు చెయ్యెత్తలేదు. నేనే, వాణ్ణి కొడదామని కర్రెత్తాను. మీ అమ్మ మధ్యలోకొచ్చేసింది."