ఐసు వేసింది నేనే

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో జరిగినదానికి ఇప్పటికీ నా కంచం అరుగుమీద పెడతాదేటి రా అల్లుడా, మీ ఆవిడ? కుక్కకి పెట్టినట్టు పెట్టి, తలుపు దగ్గరికేసి ఎల్లిపోతాది. ఏడాది అయిపోనాది. వానలు పడ్డాయి, సెరుకు నరికేరు, బెల్లం వండేరు, మళ్ళీ ఎండలొచ్చేయి. ఇందు మాత్రం నాతో మాటాడదు.

"అన్నం పెట్టేను" అని గోడకి సెప్తాది. నా కూతురు. గోడకి!

నువ్వు సెప్పాలి దానికి. అందుకే వచ్చి నీ పక్కన కూకున్నాను. అటు తిరక్కు. నువ్వు నాకు అల్లుడివి ఆనక, ముందు మా అక్క కొడుకువి. బాబ్జీ బాబ్జీ అని ఈ భుజాలమీద ఎత్తుకు తిరిగేను నిన్ను. ఒక్క మాట అడగడానికి హక్కు నేదా నాకు?

ఏటి సెప్పాలా? "మావ ఐసు సరిగ్గానే వేసేడు. తెగిన వేళ్ళు ఎలాగ తెచ్చినా అతికేవి కావు" అని సెప్పు. అంతే. అదేవన్నా పెద్ద అబద్ధమా?

సరే, మొదట్నుంచీ సెప్తాను. తప్పెక్కడో నువ్వే సూపించు.

ఆ సంచీ తెచ్చిందెవరు? నువ్వు. అచ్యుతాపురం కంపెనీలో మిషన్లు బిగించడానికొచ్చిన కొరియావోడు ఎల్లిపోతా ఇచ్చేడన్నావు. నీలంరంగు సంచీ, వీపుకి తగిలించుకునేది, లోపలంతా వెండిరేకులాగ తళతళ. జిప్పు లాగితే గాలి కూడా దూరదన్నావు. పొద్దున ఐసు పెడితే సాయంత్రానికీ ఐసేనన్నావు. ఇంక ఎక్కడికెల్లినా అదే. బొర్రాకి అదే, పూడిమడక ఒడ్డుకి అదే. కూల్ డ్రింకులు, మజ్జిగ సీసాలు, బీర్లు. పెళ్ళాన్ని ఎప్పుడైనా అంత జాగర్తగా సూసుకున్నావా?

నేనేటన్నాను? "ఇది నీళ్ళు కారట్నేదు రా. దీంట్లో ఐసు ఉన్నాదో సచ్చిందో ఎలాగ తెలుత్తాది?" అన్నాను. నవ్వేవు. తారక్ గాడు, నీ కంపెనీ నేస్తం, వోడూ నవ్వేడు.

ముప్పై ఏళ్ళు సేపల కావిడి మోసేను రా నేను! పూడిమడకలో పడవ దగ్గర కొని, అనకాపల్లిలో ఐసు దిమ్మ కొట్టించి, వడ్డాది దాటి, కొండెక్కి సంతకి. తట్టలోంచి సుక్క సుక్క కారి మడమలు తడుత్తూ ఉంటే లోపల ఐసు బతికున్నట్టు. మడమ ఆరిందా, ఎక్కడున్నావో అక్కడే దింపి అమ్మేసుకోవాలి. కరిగిన నీరు లోపల నిలిత్తే సేప సెడిపోతాది. మరి నీ సంచీకి ఆ నీరు పోయే దారేదీ?

అందుకే, కొండమీద జలపాతానికి బయల్దేరే ముందురోజు సాయంత్రం, దబ్బనం ఎర్రగా కాల్చి సంచీ అడుగున బొక్కలు పెట్టేను. ఎలాగ లెగిసేవు నామీదకి! "మావా, ఇది నీ గోనెసంచి కాదు. బుర్రుందా నీకు?" అన్నావు. ఇందు ఎదురుగా. తారక్ ఎదురుగా.

అది నేను మర్సిపోనేదు. మర్సిపోతానేటి?

అయినా నన్నెందుకు తీసుకెల్లేరు మరి? దారి సూపించడానికి. ఆ జలపాతం దగ్గరికి జీపు పోదు, కొండెక్కి నడవాలి. ఆ బాటలో నా కాలికి తగలని రాయి నేదు. వంజరం ముక్కలు సర్దింది కూడా నేనే. కింద ఐసు, దానిమీద రాళ్ళుప్పు, దానిమీద సేప, మళ్ళీ ఉప్పు, మళ్ళీ ఐసు. ఉప్పు పడితే ఐసు సలి ఎంత గట్టిగా కరుత్తాదో మీ వెండిరేకుకి తెలుసా?

ఎక్కుతుంటే నీ సొక్కా వీపుమీద తడిసిపోనాది. "ఐసు నీళ్ళు రా, సూడు, నా బొక్కలు పని సేత్తన్నాయి" అంటే, "సెమట మావా, సెమట" అన్నావు. ఒప్పుకోవు గదా నువ్వు. ఎప్పుడూ ఒప్పుకోవు.

కొండన్న గుడిసె దగ్గర ఆగేం. వోడు నా పాత బేరం, సంతలో నా దగ్గర సేపలు కొనీవోడు. "సత్తియ్య మావా, ఈసారి కావిడి అల్లుడికి తగిలించేవేటి?" అన్నాడు. నువ్వూ నవ్వేవు ఆ మాటకి. బాగానే ఉన్నాం అప్పటికి.

ఆనక బొంగులో చికెన్ వండుదామన్నావు. "నేను నరికిత్తాను బాబూ" అని కొండన్న అంటే వద్దన్నావు. తారక్ సెల్లులో ఫోటో తీత్తాడంట! కొండన్న సేతిలో కత్తి లాక్కున్నావు. ఎడంసేత్తో బొంగు పట్టుకున్నావు. ఫోటో వంక సూత్తా కుడిసేత్తో ఏసేవు.

నేను ఏయమన్నానా? కత్తి నేనిచ్చేనా?

రెండు వేళ్ళు, సూపుడువేలు, మధ్యవేలు. మొదలంటా తెగి ఆకుల్లో పడ్డాయి. ఇంక నీ అరుపు! "నా వేళ్ళు, నా వేళ్ళు" అని. మగోడివి. కొండన్న పెళ్ళాం పిల్లలు సూత్తన్నారు. సిగ్గేసింది రా నాకు.

నేను ఏడిసేనా? వొంగి వెతికి ఏరేను. నా తువ్వాలతో నీ సెయ్యి బిగించి కట్టింది కూడా నేనే. అది సెప్పదు మీ ఆవిడ. బేగి ఎల్లి కుట్టిత్తే మళ్ళీ అతుకుతాయని నాకూ తెలుసు. పేపర్లో సదివేను.

అప్పుడు మొదలెట్టేడు తారక్. కంపెనీలో సేఫ్టీ క్లాసులో సెప్పేరంట. "తాతా, శుభ్రమైన తడిగుడ్డలో సుట్టు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టు. ఆ కవరు ఐసుమీద పెట్టు. వేళ్ళకి ఐసు మాత్రం తగలకూడదు." నువ్వూ కళ్ళు మూసుకునే అన్నావు, "మావా, వోడు సెప్పినట్టు సెయ్యి మావా" అని.

విన్నాను. సెవిటోడినా వినకపోడానికి?

"ఐసు తగలకుండా మాంసం నిలవుంటాదేటి రా? ఐసు గురించి నాకు సెప్తారా మీరు?" అన్నాను. వంజరం ముక్కలు ఓ పక్కకి జరిపేను. కింద ఐసు, మీద ఉప్పు, నీ వేళ్ళు, మళ్ళీ ఉప్పు, మళ్ళీ ఐసు. జిప్పు లాగేను. తారక్ సంచీ పట్టుకుని గుంజితే సెంపమీద ఒకటిచ్చేను. అవును, ఇచ్చేను! వాదులాటకి టైమా అది?

కొండ దిగేం. నేను ముందు, సంచీ నా వీపుమీద. నువ్వు తారక్ భుజంమీద వేలాడతా ఎనక. అడుగున బొక్కల్లోంచి నీళ్ళు కారి నా మడమలు తడుత్తూనే ఉన్నాయి. ఎంత ధీమాగా ఉన్నాదో తెలుసా? కావిడి దించేసేక అన్నేళ్ళకి మళ్ళీ నా వీపుమీద ఐసు. నిజం సెప్పనా? నువ్వు ఎనకాల మూలుగుతన్నావు గానీ, నాకు సంతోషంగానే ఉన్నాది.

వడ్డాదిలో జీపు ఆపించి ఇంకో దిమ్మ కొట్టించేను. ఇంకాస్త ఉప్పు కలిపేను. "టైము పోతన్నాది తాతా, దండం పెడతాను" అని తారక్ ఏడుపు. సరుకు సెడిపోకుండా సూసుకోడం తప్పా?

సరుకు అన్నానా? అలవాటు మాట రా. దానికీ మొకం మాడ్సుకుంటావేటి?

విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టరు జిప్పు తీసేడు. సిన్నోడే, నీ వయసుంటాది. ముందు వంజరం సూసేడు. ఆనక నీ వేళ్ళు. తెల్లగా, సుద్దముక్కల్లాగ ఉన్నాయి. పళ్ళెంలో పెడితే టక్కుమన్నాయి.

"ఇలా ఎవరు పెట్టారు?" అన్నాడు.

"నేనే బాబూ" అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"గడ్డకట్టిపోయాయండీ. లోపల ఏమీ మిగల్లేదు. ఐసు తగలకుండా కవర్లో పెట్టి తెచ్చుంటే ప్రయత్నం చేసేవాణ్ణి."

"కాసేపు నీళ్ళలో వెయ్యండి బాబూ, మెత్తబడతాయి. సేపలకి మేం అలాగే సేత్తాం" అన్నాను.

నర్సు మొకం అటు తిప్పేసుకున్నాది. ఆయన పళ్ళెంమీద గుడ్డ కప్పేసేడు.

సూసేవా? ప్రయత్నం సేసేవాణ్ణి అన్నాడు. అతికించేవాణ్ణి అన్నాడా? అననేదు గదా! ఆ మాట పట్టుకో. అదే సెప్పు ఇందుకి. నువ్వు సెప్తే వింటాది.

ఏటి? గొణక్కు, గట్టిగా సెప్పు.

ఇందు కోపం వేళ్ళ గురించి కాదా? మరి దేని గురించి రా?

ఓహో. వంజరం.

అవును, తిన్నాను. మర్నాడు ఇంటికొచ్చి సంచీ తెరిసి సూత్తే ముక్కలు అలాగే ఉన్నాయి, పడవలోంచి అప్పుడే దించినట్టు. రవ్వంత వాసన నేదు. వంజరం రా అది! పారేత్తారేటి? మీ సంచీ మంచిదేనని ఆ రోజు నేనే ఒప్పుకున్నాను. కడిగి, ఉప్పూ కారం రాసి, పెనంమీద ఏపుకున్నాను. నువ్వా ఆసుపత్రిలో ఉన్నావు, ఇందు నీ దగ్గరున్నాది, నాకు వండిపెట్టీవోళ్ళెవరు?

ఇందు నీ బట్టలకని వచ్చి గుమ్మంలో నిలబడ్డాది. "ఎక్కడివి నాన్నా?" అన్నాది. సంచీలోవే అన్నాను. అబద్ధమాడనేదు. "నిన్నట్నుంచీ ఏటీ తిననేదు గదా, నువ్వూ ఓ ముక్క తినమ్మా" అన్నాను. కంచంలో పెట్టి సేతికిచ్చేను. ప్రేమగానే ఇచ్చేను.

కంచం కింద పడేసి పెరట్లోకి పరిగెట్టి కక్కుకున్నాది. ఆ రోజునుంచీ నన్ను నాన్నా అననేదు.

వేళ్ళకి తగిలినంత మాత్రాన సేప పాడైపోతాదేటి? మధ్యన ఐసు ఉన్నాది గదా! నువ్వే సెప్పు.

అలాగే కూకో. ఆ ఎడంసెయ్యి లుంగీ కింద దాసుకుంటావెందుకు? నేను సూడనిదా? నేను ఏరనివా?

సరే రా. సెప్పకు. ఒక్క అబద్ధానికి నోరు రానోడివి, నీకు నా కూతుర్నెందుకిచ్చేనో. రేపు నా వేళ్ళే తెగనియ్, అలాగే వేత్తాను ఐసు. కింద ఐసు, మీద ఉప్పు.

తెలుసు రా, నీ ఎడంసేతివి రెండు వేళ్ళు పోనాయి. నిరుడు వానలు మొదలవకుండానే కంపెనీవోళ్ళు నిన్ను పనిలోంచి తీసేసేరు.